అంబ్రీ మొక్కకు పెళ్ళిరొట్టె

ముఖ్తా సోపోర్‌లో కూతురి ఇంటికి వెళ్ళిన మరునాటి పొద్దున, ఆమె భర్త హబీబుల్లా ఉప్పు టీ రెండో గిన్నె తాగుతూ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆవిడ తిరిగి వచ్చేలోపల పెరట్లో, వంటింటి కిటికీ ఎదురుగా, అంబ్రీ ఆపిల్ మొక్క ఒకటి నాటెయ్యాలి. ఎవరికీ చెప్పకూడదు. ఆదివారం ఆవిడ బండి దిగి, కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వచ్చి, చూసి, నోట మాట రాక నిలబడిపోవాలి. పథకం ఇంతే. ఇందులో తప్పు జరగడానికి చోటు ఎక్కడుందో ఎంత వెతికినా ఆయనకి కనబడలేదు.

మూడేళ్ళ కిందటి దాకా ఆ కిటికీ ఎదురుగా ఒక అంబ్రీ ఉండేది. హబీబుల్లా తండ్రి నాటిన చెట్టు. శరత్కాలంలో కాయలు దింపి అటక మీద వరిగడ్డిలో పరిస్తే, వాసన మెట్లు దిగి వంటింట్లోకి వచ్చి, అక్కణ్ణుంచి వీధిలోకి కూడా వెళ్ళేది. అటుగా పోయేవాళ్ళు "దింపారా?" అని అడిగేవారు. అలా అడిగినవాళ్ళకి ఒకటి ఇవ్వాలి, అది పద్ధతి. మిగిలినవి మళ్ళీ ఎండాకాలం దాకా చెక్కుచెదరకుండా ఉండేవి. హబీబుల్లా తల్లి బట్టల పెట్టెలో ఒక్కో మడతకీ ఒక్కో కాయ పెట్టేది. ముఖ్తా కొత్తకోడలిగా వచ్చిన చలికాలం, పుట్టింటి మీద బెంగతో మూల కూర్చుని ఏడుస్తుంటే, అత్తగారు పెట్టె తెరిచి ఒక అంబ్రీ తీసి చేతిలో పెట్టింది. బెంగ పోయిందని చెప్పలేం గాని ఏడుపు ఆగింది. అదే వాసన తర్వాత ఆవిడ పిల్లల బట్టలకి పట్టింది, మనవల బట్టలకీ పట్టింది.

ఆ తర్వాత కాశ్మీరులో మా వైపంతా అంబ్రీలు నరికేసి డెలిషియస్ రకం వేశారు. ఎర్రగా ఉంటుంది, తొందరగా కాస్తుంది, లారీ ఎక్కుతుంది. హబీబుల్లా కూడా తోటలో అదే వేశాడు, పెరటి చెట్టు జోలికి మాత్రం పోలేదు. దాని సంగతి మంచు చూసుకుంది. మూడేళ్ళ కిందట ఆకులు రాలకముందే మంచు పడింది. ఆకుల మీద పేరుకుంటే కొమ్మ మోయలేదని ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. కర్ర తీసుకెళ్ళి దులిపి రమ్మని ముఖ్తా రెండుసార్లు చెప్పింది. "వెళ్తాలే" అన్నాడు హబీబుల్లా, హుక్కా అందుకుంటూ. తెల్లవారేసరికి చెట్టు నడిమికి చీలి పడి ఉంది.

ముఖ్తా తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క మాట అనలేదు. ఆ ఏడు నుంచి శరత్కాలం రాగానే బట్టల పెట్టె తెరిచేది, ఓసారి వంగి వాసన చూసేది, మూసేసేది. ఆ మూత చప్పుడు వినబడినప్పుడల్లా హబీబుల్లాకి ప్రాణం చివుక్కుమనేది. భార్య తనని క్షమించిందో లేదో అడిగే ధైర్యం లేదు. మొక్క నాటితే అడిగినట్టే అని ఆయన లెక్క.

ఫెరన్ అనే వదులు అంగీ లోపల చేతికుంపటి పెట్టుకుని తిన్నగా నర్సరీకి వెళ్ళాడు. నర్సరీ యజమాని నల్ల కళ్ళద్దాల మనిషి, మంచి మాటకారి. వరసగా మొక్కలు చూపించుకుంటూ పోయాడు. ఇది ఇటలీ, ఇది హాలెండు, ఇది నాటిన రెండో ఏడే కాస్తుంది, దీన్ని తీగలకి కట్టాలి, దీనికి పైపు పెట్టాలి. హబీబుల్లా అన్నీ ఓపిగ్గా విని, అంబ్రీ ఉందా అని అడిగాడు.

యజమాని కళ్ళద్దాలు తీసి, ఈయన తెల్లగడ్డం వైపు చూశాడు. "కాకా, అంబ్రీ కాపుకి రావాలంటే పదిహేనేళ్ళు పడుతుంది."

"తెలుసు."

"మనవల కోసమా?"

"నా కోసమే."

ఆయన మనసులోనే ఏదో లెక్క వేసుకున్నాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. టీ తాగుతుండగా, అంబ్రీకీ డెలిషియస్‌కీ పుట్టిన సంకరం ఒకటుందని, చూస్తే అంబ్రీ కాదని ఎవడూ చెప్పలేడని మెల్లగా బయటపెట్టాడు. వాసన వస్తుందా అని హబీబుల్లా అడిగాడు. "వాసన దేనికి కాకా? ఢిల్లీ మండీలో ముక్కుతో కొనరు" అన్నాడాయన. హబీబుల్లా టీ గిన్నె కింద పెట్టి లేచాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి రాహతీ ఇల్లు గుర్తొచ్చింది. రాహతీ భర్త ఖాదిర్ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో చెట్లకి అంటు కట్టేవాడు. పోయి రెండేళ్ళయింది. పోయే ముందు తమ ముసలి అంబ్రీ పుల్లలు తీసి, ఇంటి వెనకాల రెండు అంటు మొక్కలు కట్టి పెట్టాడు. అవిప్పుడు మనిషెత్తు ఉన్నాయి. మార్చి మొదటివారం, మొగ్గ ఇంకా కళ్ళు తెరవలేదు, తవ్వి తీయడానికి ఇదే అదను. ఇంకొన్నాళ్ళు ఆగితే చిగురు వచ్చేస్తుంది, మళ్ళీ ఏడాది దాకా ముట్టుకోకూడదు.

రాహతీ గుమ్మంలో కూర్చుని ఎండు వంకాయ ముక్కలు ఏరుతోంది. హబీబుల్లా సంగతి చెప్పాడు. ఆవిడ తలెత్తకుండానే మొక్కలు అమ్మనంది. కొనడానికి రాలేదు, అడగడానికి వచ్చానన్నాడు ఈయన.

"అవి ఖాదిర్ చేతి ఆఖరి అంట్లు హబీబన్నా," అంది రాహతీ. "చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి ఉల్లిపాయ అడిగినట్టు అడిగితే ఇచ్చేవి కావు. శుక్రవారం రా. మనిషిలా రా. ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని, చేతిలో ఏదైనా పట్టుకుని రా. నా చెట్టు మర్యాదగా వెళ్ళిందని ఖాదిర్ అనుకోవాలి."

న్యాయంగానే తోచింది హబీబుల్లాకి. సరేనని, ఈ విషయం శుక్రవారం దాకా ఎవరితోనూ అనొద్దని, ముఖ్తా చెవిన పడితే అంతా పాడవుతుందని బతిమాలాడు. రాహతీ మాటిచ్చింది. మా ఊళ్ళో మాటిచ్చి నిలబెట్టుకునే మనుషులు కొద్దిమందే, వాళ్ళలో ఆవిడ ఒకతి. కొంప ముంచింది అదే.

మనిషిలా రమ్మంది కదా అని, బుధవారం పొద్దున్నే మంగలి దగ్గరికి వెళ్ళి గడ్డం సరిచేయించుకున్నాడు. గోరింట పెట్టమంటావా అని మంగలి మాటవరసకి అడిగితే, పెట్టమన్నాడు. అక్కణ్ణుంచి రొట్టెల కొట్టుకి వెళ్ళాడు.

సుభాన్ రొట్టెల కొట్టు గురించి ఒక మాట చెప్పాలి. ఆ కొట్టు ముందు పొద్దున్నే ఊరంతా నిలబడుతుంది. ఎవరింటికి మామూలు కంటే రొట్టెలు ఎక్కువ వెళ్ళాయో వాళ్ళింటికి చుట్టాలొచ్చారు. తక్కువ వెళ్తే ఎవరో అలిగి పస్తున్నారు. పురిటికి ఒక రొట్టె, చావుకి ఒక రొట్టె, హజ్ నుంచి వచ్చినవాళ్ళకి ఇంకొకటి. సుభాన్‌కి ఊరి సంగతులు పొయ్యి దగ్గరే తెలిసిపోతాయి, కొట్టు వదిలి వెళ్ళాల్సిన పని లేదు. అయితే రొట్టెల్లోని ఈ తేడాలన్నీ ఆడవాళ్ళకి తెలిసిన విద్య. హబీబుల్లా ఇంట్లో రొట్టెలు ముఖ్తా తెచ్చేది, లేకపోతే కోడలు రూబీ తెచ్చేది. ఆయన పెట్టింది తినడమే గాని దాని పేరేమిటని ఏనాడూ అడిగి ఎరగడు.

"గౌరవమైన చోటికి వెళ్ళాలి సుభాన్. అదేదో పెద్దది ఉంటుందే, తియ్యగా, గసగసాలు చల్లి, పైన వెండిరేకు అద్ది. అది శుక్రవారానికి కావాలి."

సుభాన్ చెయ్యి పొయ్యిలోనే ఆగిపోయింది. ఆ రొట్టె వాళ్ళ తాతల నాటి నుంచీ ఒక్క పనికే చేస్తారు. పెళ్ళిమాట అడగడానికి పిల్ల గడపలోకి వెళ్ళే రొట్టె అది. చెయ్యి కాలుతున్న సంగతి కాసేపటికి గుర్తొచ్చి బయటికి తీశాడు.

"ఎవరింటికి పంపాలి కాకా?"

"పంపక్కర్లేదు, నేనే పట్టుకెళ్తా. ఎవరికీ చెప్పకు."

హబీబుల్లా వెళ్ళాక సుభాన్ పిండి చేత్తోనే కూడికలు వేశాడు. ఆ ఇంట్లో పెళ్ళికి ఎదిగినవాళ్ళు లేరు. కొడుక్కి పెళ్ళయింది, ఆపిల్ లారీ వేసుకుని ఢిల్లీ వెళ్ళాడు. మనవలు బడికెళ్ళే పసివాళ్ళు. ముఖ్తా ఊళ్ళో లేదు. మంగళవారం ఈయన రాహతీ గుమ్మంలో నిలబడి బతిమాలుతుంటే పాలావిడ చూసింది. పైగా గడ్డం నిగనిగలాడుతోంది. సుభాన్ మంచివాడు, మాట దాటేవాడు కాదు. ఎవరికీ చెప్పలేదు. ఫలానా రొట్టె గురించి ఎవరికీ చెప్పొద్దని హబీబుల్లా కాకా అన్నాడని మాత్రమే వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

గురువారానికి ఊరు మారిపోయింది. మసీదులో మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా జరిగి హబీబుల్లాకి చోటిచ్చారు. ఈడువాళ్ళు చెయ్యి నొక్కి వెళ్ళిపోయారు. ఒకరిద్దరు వెనక్కి తిరిగి మళ్ళీ చూశారు. ఇదంతా గోరింట మహిమ అనుకున్నాడాయన. ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకోలేదా అని కూడా అనుకున్నాడు. ఇంటికొచ్చి పార తీసుకుని, పాత చెట్టు మొద్దు తీసేసిన చోటే గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వుతూ, చిన్నప్పుడు కాయలు దింపే రోజుల్లో తండ్రి పాడిన పాట ఒకటి తీశాడు.

కుళాయి దగ్గర విషయం విని వచ్చిన రూబీ, కిటికీలోంచి ఇది చూసింది. కోడలన్నది మామగారిని ఏమని అడుగుతుంది? సోపోర్‌కి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఎప్పుడొస్తున్నారు?"

"ఆదివారమని చెప్పానుగా. ఏం, మామయ్యకి ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నారు. చాలా బాగున్నారు. గడ్డానికి గోరింట పెట్టుకున్నారు. పాట పాడుతున్నారు." రూబీ గొంతు తగ్గించింది. "శుక్రవారం వస్తే మంచిదేమో అత్తయ్యా."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ముఖ్తా ఇంకో రెండు ప్రశ్నలడిగింది. రూబీ రొట్టె సంగతి చెప్పక తప్పలేదు, రాహతీ పేరు కూడా చెప్పక తప్పలేదు. ముఖ్తా ఫోన్ పెట్టేసి, సోపోర్‌లోనే రెండు వీధుల అవతల ఉన్న తన అన్నగారు సుల్తాన్‌కి కబురు పెట్టింది.

ఆ సాయంత్రమే అహద్ జూ హబీబుల్లా ఇంటికి వచ్చాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆయన కుదిర్చినవే. కుదరనివి కూడా ఆయన చేతిలోనే తప్పిపోయాయి. బాగా నొచ్చుకుని ఉన్నాడు. తను ఉండగా ఇలాంటి పనికి ఒంటరిగా బయల్దేరడం ఏం పద్ధతని, ఒకరి గడప తొక్కేటప్పుడు పక్కన పెద్దమనిషి ఉండొద్దా అని నిలదీశాడు. రాహతీ నోరు జారిందన్నమాట అనుకున్నాడు హబీబుల్లా. కాని కోపం రాలేదు. పెద్దమనిషిని ఎక్కణ్ణుంచి తేవాలా అని పొద్దుటినుంచీ మథనపడుతున్నాడు, ఆ పెద్దమనిషే నడిచి వచ్చాడు.

"రేపు నువ్వు నోరు విప్పకు. మాట్లాడేది నేను" అన్నాడు అహద్ జూ. హబీబుల్లాకి మాటలంటే మొదట్నుంచీ భయమే. సంతోషంగా ఒప్పుకున్నాడు.

శుక్రవారం ఎండ వచ్చింది. పీర్ పంజాల్ కొండల మీద మంచు మెరుస్తోంది, కింద వీధిలో మోకాలి లోతు బురద. సుభాన్ రొట్టెని పళ్ళెంలో పెట్టి, తన సొంత ఖర్చుతో ఎర్రపట్టు గుడ్డ కప్పి ఇచ్చాడు. తలపాగా చుట్టి అహద్ జూ ముందు, పళ్ళెం పట్టుకుని హబీబుల్లా వెనక. వాళ్ళు మూడిళ్ళు దాటారో లేదో కిటికీలు తెరుచుకున్నాయి. మా ఆడవాళ్ళకి ఎర్రగుడ్డ కప్పిన పళ్ళెం కనబడితే గొంతు ఆగదు. ఒకావిడ పెళ్ళిపాట ఎత్తుకుంది, ఎదురింటావిడ అందుకుంది, ఆ పైన వీధి వీధంతా పాడుతూ వీళ్ళ వెనక నడిచింది.

హబీబుల్లాకి గుండె నిండిపోయింది. అంబ్రీ అంటే ఊరికి ఇంకా ఇంత ప్రేమ ఉందా అనుకున్నాడు. గడ్డి పరిచిన అటకలు, కాయలు మోసే గుర్రాల మెడగంటలు, తండ్రి భుజమ్మీద కూర్చుని పై కొమ్మ అందుకోవడం, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. ఒక మొక్క తెచ్చుకోవడానికి వెళ్తుంటే ఇంతమంది పాడుతూ సాగనంపుతున్నారు. ఈ ఊరి గురించి ఇన్నేళ్ళూ తప్పుగా అనుకున్నానే అని కళ్ళు తడి చేసుకున్నాడు. పెళ్ళికొడుకు కళ్ళల్లో నీళ్ళు చూసి ఆడవాళ్ళు ఇంకా గట్టిగా పాడారు.

రాహతీ ఇల్లు ఊడ్చి, టీ కాచే సమావార్ వెలిగించి ఉంచింది. ఇంత ఊరేగింపు ఆవిడ అనుకోలేదు గాని, ఖాదిర్ చెట్టుకి ఇంత మర్యాద జరుగుతుంటే వద్దనేదేముంది, అందరినీ కూర్చోమంది. పళ్ళెం మధ్యలో పెట్టారు. గుడ్డ తీయలేదు. అహద్ జూ గొంతు సవరించుకున్నాడు.

ముందు మనిషి యోగ్యతతో మొదలుపెట్టాడు. హబీబుల్లాది మంచి నేల అన్నాడు, నీటికి కరువు లేదన్నాడు, వాకిట్లో ఎండ పడుతుందన్నాడు. హబీబుల్లా తలాడించాడు, మొక్కకి కావలసినవి ఇవే. ఇచ్చినదాన్ని కంటికి రెప్పలా చూసుకునే మనిషి అన్నాడు. హబీబుల్లా దానికీ తలాడించాడు. ఈ వయసులో కూడా కింది దవడ పళ్ళన్నీ సొంతవేనన్నాడు. ఇది దేనికి చెబుతున్నాడో హబీబుల్లాకి అంతుపట్టలేదు. ముఖ్తాకి అభ్యంతరం లేకుండా ఒప్పించే బాధ్యత తనదని, రాహతీకి వేరే పొయ్యి పెట్టించే ఏర్పాటు కూడా ఆలోచించానని అహద్ జూ ముగించాడు. హబీబుల్లా చేతిలోని కుంపటి జారి చాప మీద పడింది.

నలుగురూ లేచి నిప్పులు ఆర్పారు. రాహతీ పళ్ళెం దగ్గరికి వెళ్ళి గుడ్డ ఎత్తి చూసింది. గసగసాలు, వెండిరేకు. మళ్ళీ కప్పింది.

"హబీబన్నా, నువ్వు చెట్టు కదా అడిగావు?"

"చెట్టే అడిగాను చెల్లీ," అన్నాడు హబీబుల్లా.

"ఏ చెట్టు?" అన్నాడు అహద్ జూ.

బయట పాట మధ్యలో ఆగిపోయింది. రాహతీ నవ్వడం మొదలుపెట్టింది. గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని, ఫెరన్ చేతులతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అది నవ్వు కాకుండా పోయింది, కాసేపు ముఖం అటు తిప్పుకుంది. ఖాదిర్ పోయాక ఈ ఇంట్లో సమావార్ వెలగడం ఇదే మొదటిసారని, ఎందుకొచ్చినా ఇంతమంది వచ్చారని, టీ తాగకుండా ఎవరూ కదలడానికి వీల్లేదని చెప్పింది. హబీబుల్లాకి నేల బద్దలై తనని మింగేస్తే బాగుండుననిపించింది. నేల ఆ పని చెయ్యలేదు. ఈలోగా గుమ్మంలో సుమో బండి ఆగిన చప్పుడైంది.

ముందు దిగినవాడు సుల్తాన్. ఆరడుగుల మనిషి, కలప వ్యాపారం, భార్య పోయి చాలా ఏళ్ళయింది. చేతిలో గునపం ఉంది. బావ కాళ్ళు రెండూ విరగ్గొట్టి, ఆ తర్వాత మాట్లాడతానని సోపోర్ నుంచి దారిపొడుగునా చెబుతూనే వచ్చాడు. ఆయన వెనక ముఖ్తా దిగింది. గుమ్మంలోని ఆడవాళ్ళు రెండుగా చీలి దారిచ్చారు. ఆవిడ లోపలికి వచ్చి భర్త ఎదురుగా నిలబడి, నింపాదిగా గడ్డం చూసింది.

"ఎరుపు బాగుంది," అంది.

హబీబుల్లా చెయ్యి అడ్డం పెట్టి గడ్డం దాచుకోబోయాడు.

ముఖ్తా పళ్ళెం మీది గుడ్డ ఓసారి ఎత్తి చూసింది. "నన్నడగడానికి మీ నాన్న తెచ్చిన రొట్టె దీంట్లో సగం లేదు. వెండిరేకు అసలే లేదు. ఆ రోజుల్లో మీకు దొరకలేదేమో."

సుల్తాన్ గునపం ఎత్తాడు. రాహతీ అడ్డం వచ్చి, కాళ్ళు విరిచే పనైతే తీరిగ్గా చెయ్యొచ్చు, ముందు ఆ ఇనుప ముక్క గుమ్మం బయట పెట్టి టీ తాగండి, బురదకాళ్ళతో నా చాప తొక్కకండి అంది. ఆయన్ని అలా ఎవరూ కసిరి చాలా కాలమైంది. గునపం బయటపెట్టి, చెప్పులు విప్పి, వచ్చి కూర్చున్నాడు. రాహతీ ముఖ్తా చెయ్యి పట్టుకుని, "నువ్వు నాతో రా వదినా, నీ సవతిని చూపిస్తా" అని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. హబీబుల్లా వాళ్ళ వెనక నడిచాడు.

రెండు అంబ్రీ మొక్కలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. బోడి పుల్లలు, ఒక్కోదానికి నాలుగేసి మొగ్గలు. జరిగినదంతా రాహతీయే చెప్పింది. మంగళవారం ఈయన వచ్చి అడగడం, తను పెట్టిన షరతు, ఎవరికీ చెప్పొద్దనడం. చెప్పి, టీ చూడాలని లోపలికి వెళ్ళిపోయింది. హబీబుల్లా మొక్కనే చూస్తూ మాట్లాడాడు.

"ఆ రోజు మంచు దులపమని రెండుసార్లు చెప్పావు. నేను లేవలేదు. నువ్వు పెట్టె తెరిచి మూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. నువ్వు వచ్చేసరికి ఇది అక్కడ ఉండాలనుకున్నా, అంతే."

ముఖ్తా వంగి, గోటితో బెరడు కొంచెం గీరింది. లోపల పచ్చగా ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికేం వాసన లేదు."

"కాపుకి పదిహేనేళ్ళు పడుతుందట."

"అప్పటికి నీకు ఎనభై దాటిపోతాయి."

"నర్సరీవాడూ అదే లెక్క వేశాడు. పైకి అనలేదు."

ముఖ్తా వేలు ఫెరన్‌కి తుడుచుకుంది. తర్వాత తల మీది గుడ్డ సరిచేసుకుంది. "పదిహేనేళ్ళూ నువ్వే దులపాలి మంచు. నేను చెప్పను, గుర్తుచెయ్యను. కాపు చూడకుండా ముందే పోయావంటే నీ కోసం ఒక్క చుక్క కన్నీరు పెట్టను, ముందే చెబుతున్నా." హబీబుల్లా సరేనన్నాడు. మూడేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగి, ఆయనకి ఒక్కసారిగా ఆకలి వేసింది.

లోపలికి వచ్చేసరికి అక్కడ ఇంకోటి జరిగిపోయి ఉంది. సుల్తాన్ పొద్దున్న ఏమీ తినకుండా బయల్దేరాడు. ఎదురుగా రొట్టె ఉంది, చేతిలో టీ ఉంది. గుడ్డ తీసి, అంత రొట్టెనీ నడిమికి విరిచి, పెద్ద ముక్క తీసుకుని టీలో ముంచాడు. గదిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. పెళ్ళిరొట్టెని పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ముందు విరవాలని పద్ధతి, విరిచినవాడు ఆ పెళ్ళికి మాటిచ్చినట్టే. రొట్టె ఏమిటో తెలియక తెప్పించిన మగవాడు ఒకడైతే, ఏమిటో తెలియక విరిచిన మగవాడు ఇంకొకడు. అహద్ జూ మాత్రం కుదరని పెళ్ళితో ఖాళీ అయిన తన నోటికి మళ్ళీ పని దొరికినట్టు కొంచెం కొంచెంగా జరిగి సుల్తాన్ పక్కకి చేరాడు. సోపోర్‌లో ఎంత నేల ఉందని అడిగాడు. వంట ఎవరు చేస్తారని అడిగాడు. ఎవరూ లేరు, హోటల్లోనే తింటానన్నాడు సుల్తాన్, రెండో ముక్క తీసుకుంటూ. రాహతీ ఆయన గిన్నెలో టీ మళ్ళీ పోసింది.

మొక్కని తవ్వి తీయడానికి గునపం పనికొచ్చింది. సుల్తాన్ వేరు తెగకుండా చుట్టూ మట్టి కదిపాడు. గోనె చుట్టి నలుగురు పట్టుకుని ఊరి నడుమ నుంచి మోసుకొచ్చారు. ఆడవాళ్ళు అప్పటికే సగం పాడేశాం కదా అని మిగతా సగం కూడా పాడారు. హబీబుల్లా పెరట్లో ఇంకో గొడవ. పాత అంబ్రీ చచ్చిన చోటే గొయ్యి తవ్వాడని ముఖ్తా పట్టుకుంది. అలసిపోయిన మట్టిలో మళ్ళీ ఆపిల్ పెడితే బతుకుతుందా, అంత కూడా తెలియదా అని అడిగింది. చేతులు కాయలు కాసేట్టు ఆయన తవ్విన గొయ్యి రూబీ చేత పూడ్పించి, పది బారల అవతల, అయినా కిటికీలోంచి కనబడేట్టు, కొత్త చోటు చూపించింది. సుల్తాన్ తవ్వాడు. అహద్ జూ ఉత్సాహంగా మట్టి మొక్క మొదలు చుట్టూ ఎత్తుగా ఎగదోస్తుంటే, అంటు కట్టిన చోటు మట్టిలో పూడిస్తే ఖాదిర్ పని మట్టిలో కలిసినట్టేనని రాహతీ ఆయన చేతిలోంచి పార లాక్కుంది. ముఖ్తా మొక్కని నిటారుగా పట్టుకుంది. హబీబుల్లా నీళ్ళు పోశాడు.

మొక్క బతికింది. ఏప్రిల్ ఆఖరుకి నాలుగు మొగ్గల్లో మూడు చిగురించాయి. మొక్క నాటిన శుక్రవారం సాయంత్రం సోపోర్ బండి ఎక్కాల్సిన సుల్తాన్, రాహతీ పెరట్లో మిగిలిపోయిన రెండో అంబ్రీకి ఊతకర్ర పాతాలని ఆగాడు. మరునాడు ఆ కర్ర సరిగ్గా నిలబడిందో లేదో చూడాలని వెళ్ళాడు. దానికి కంచె కూడా కావాల్సి వచ్చింది. కంచె అంటే పక్షం రోజుల పని.

ఆపిల్ కోతలయ్యాక అహద్ జూ వాళ్ళిద్దరికీ నిఖా జరిపించాడు. ఖాదిర్ చెట్టుని వదిలి రానని రాహతీ తేల్చి చెప్పడంతో, సుల్తాన్ కలప వ్యాపారం అమ్మేసుకుని ఈ ఊరికే ఇల్లరికం వచ్చేశాడు. ఎవరైనా అడిగితే మాత్రం, తాను ఇక్కడికి బావ కాళ్ళు విరగ్గొట్టే పని మీదే వచ్చానని ఇప్పటికీ చెబుతాడు.